చదువుతూనే బొమ్మల పని: ముఖచిత్రాల మీద పాఠకుల ప్రశ్నలు

ఇంజినీరింగో డిగ్రీనో చదువుతూ బొమ్మలు గీస్తున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగిన ప్రశ్నలివి. పుస్తకాల ముఖచిత్రాలు, కథలకు వేసే బొమ్మల వరకే జవాబులిస్తున్నాం. లోగోలు, పెళ్లి శుభలేఖలు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ల లెక్కలు వేరు.

ప్రశ్న: కాకినాడలో బీటెక్ రెండో సంవత్సరం. ఇన్‌స్టాలో నా బొమ్మలకు లైకులు బాగానే వస్తాయి, డబ్బులిచ్చే పని మాత్రం ఒక్కటీ రాలేదు. ఫ్రీలాన్స్ సైట్లలో ఖాతా తెరవమని సీనియర్లు చెబుతున్నారు. తెరవనా?

తెరవండి, తప్పేం లేదు. కానీ అక్కడ మీ పోటీ ప్రపంచం మొత్తంతో. రివ్యూలు లేని కొత్త ఖాతాకు మొదటి పని రావాలంటే ధర బాగా దించాలి. మీకున్న బలం తెలుగు చదవగలగడం, తెలుగు అక్షరాన్ని అందంగా పేర్చగలగడం. దాని అవసరం ఉన్న చోట పని వెతుక్కోండి.

తెలుగులో కవితా సంపుటాలు, కథల పుస్తకాలు చాలావరకు రచయితలే సొంత ఖర్చుతో వేసుకుంటారు. 500 కాపీలో, వెయ్యో. ముఖచిత్రానికి ఎవరిని అడగాలో తెలియక డీటీపీ చేసినాయన పెట్టిన సూర్యాస్తమయం ఫోటోతో సరిపెట్టుకుంటారు. మీ మొదటి గిరాకీ వాళ్లే. దీనికి సీజన్ కూడా ఉంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతాయి. ఆలోగా పుస్తకం స్టాల్లోకి చేరాలనుకునేవాళ్లు సెప్టెంబరు, అక్టోబరు, నవంబరుల్లో హడావిడి పడతారు. అంటే ఆగస్టు కల్లా మీ దగ్గర చూపించడానికి సరుకుండాలి.

ఆరు ముఖచిత్రాలు చాలు. లేని పుస్తకాలకు ఊహించి వేసినా ఫర్వాలేదు. కవిత్వానికి రెండు, కథలకు రెండు, పిల్లల పుస్తకానికి ఒకటి, బొమ్మే లేకుండా అక్షరాలతో నడిచేది ఒకటి. ప్రతిదానికీ ముందు అట్ట, స్పైన్ (రెండు అట్టల మధ్య పుస్తకం వీపు), వెనక అట్ట మూడూ ఉండాలి. ముందు అట్ట ఒక్కటే చూపిస్తే మీకు అచ్చు పని తెలియదని ప్రెస్సువాళ్లు ఇట్టే కనిపెడతారు. సినిమా హీరోల బొమ్మలు ఇందులో కలపొద్దు. పోలిక కుదిరిందని తెలుస్తుందే తప్ప, కథ చదివి ఏది గీయాలో ఎంచుకోగలరా అన్నది తెలియదు. ఒక పరీక్ష కూడా పెట్టుకోండి: అట్టను ఫోన్ తెర మీద రెండు సెంటీమీటర్ల ఎత్తుకు కుదించి చూడండి. పుస్తకం పేరు చదవలేకపోతే అక్షరాలు మార్చాల్సిందే. ఆన్‌లైన్ దుకాణంలో పాఠకుడికి ముందు కనపడేది ఆ సైజే.

ఎవరిని కలవాలి? పుస్తకం తిరగేస్తే టైటిల్ పేజీ వెనకే ప్రచురణకర్త ఫోన్ నంబరుంటుంది. కథలు వేసే పత్రికల సంపాదకులున్నారు. మూడోది మీ ఊళ్లోని డీటీపీ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు. ఈ మూడోదాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, అట్ట చేసేవాడు లేక ఆగిపోయిన పుస్తకాలుండేది అక్కడే. 5 ఎంబీ దాటని ఒక్క పీడీఎఫ్, నాలుగు లైన్ల సందేశం పంపండి: మీరెవరు, ఏం చేస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఫోన్ నంబరు. అరవై బొమ్మలున్న డ్రైవ్ లింకు పంపితే తెరిచేవాళ్లుండరు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. నేను చేసిన మొదటి అట్ట అచ్చయింది. స్క్రీన్ మీద మెరిసిన నీలం బూడిద కొట్టింది. పేరులో వత్తులు విడిపోయాయి. స్పైన్ మీది పేరు ముందు అట్ట మీదికి జరిగింది. తప్పు ప్రెస్సుదా, నాదా?

మొదటి రెండూ మీవి. మూడోది ఇద్దరిదీ.

రంగు సంగతి. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో. మెరిసే నీలాలు, చిలకపచ్చలు, నియాన్ గులాబీలు సిరాలో లేనే లేవు. ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో, పనంతా చేసి, చివర్లో ప్రెస్సువాళ్లు సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల రంగుల్లోకి, మారిస్తే వచ్చేది మీరు చూసిన బూడిదే. మొదటిరోజే ఫైలును సీఎంవైకేలో తెరవండి, లేదా అచ్చులో రంగెలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే ప్రూఫ్ కలర్స్ ఆన్‌చేసి గీయండి. నల్ల అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే, వంద శాతం పెట్టండి. ఆర్‌జీబీ నలుపును మారిస్తే అది నాలుగు సిరాల కలగలుపు అవుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నక్షరాల అంచులకు రంగు నీడలు పడతాయి, ఆ నలుపు మీద వేసిన తెల్లక్షరాలు పూడిపోతాయి. ముదురు చోట్ల నాలుగు సిరాల మొత్తం 300 శాతం దాటనివ్వకండి, లేకపోతే సిరా ఆరక వెనక షీటుకు అంటుకుంటుంది. మ్యాట్ లామినేషన్ వేస్తే రంగులు ఇంకాస్త అణుగుతాయి. వెయ్యి అట్టలు కొట్టకముందు అదే ఆర్ట్ కార్డు మీద ఒక డిజిటల్ ప్రింటు తీయించి, పగటి వెలుతురులో చూడండి.

అక్షరాల సంగతి దీనికంటే పెద్దది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తాయి. అవి యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌సైట్లలో అందరూ వాడే అక్షరాల పద్ధతి) కావు. మీరు యూనికోడ్‌లో పేరు టైపు చేసి ఫైలిస్తే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు ఉండదు, వాళ్లిచ్చిన అను మ్యాటరు మీ దగ్గర తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగు ఇన్‌డిజైన్‌లో సరిగ్గా రావాలంటే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి దక్షిణాసియా భాషల ఇంజిన్ పెట్టాలి. పెట్టకపోతే వత్తు అక్షరం కిందికి చేరకుండా పొల్లు పక్కన విడిగా నిలబడుతుంది. ఇక ప్రెస్సుకిచ్చే కాపీలో అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయండి: కోరెల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్. మార్చని ఫైలు ఒకటి మీ దగ్గర దాచుకోండి. రెండో ముద్రణకు ధర మార్చాల్సి వచ్చినప్పుడు అదే కావాలి.

ఇంగ్లిష్ అలవాట్లు తెలుగు పేరు మీద రుద్దడం వల్ల వచ్చే తప్పులు ఇంకో మూడున్నాయి. అక్షరాల మధ్య దూరం పెంచితే కొన్ని ఫాంట్లలో వత్తులు, గుణింతపు గుర్తులు తమ చోటు తప్పుతాయి. దాన్ని సున్నా మీదే ఉంచండి. లావు ఫాంటు లేక బోల్డ్ బటన్ నొక్కితే ‘థ’లో చుక్క, ‘ఘ’లో సందులు పూడతాయి. రెండు లైన్ల పేరుకు ఇంగ్లిష్‌లో సరిపోయే లైన్ల దూరం తెలుగుకు చాలదు. పై లైనులోని వత్తు కింది లైనులోని గుడికి తగులుతుంది. ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఆ పేరులో వత్తులెక్కడున్నాయో చూసి తగ్గించుకోండి. ఫాంట్లకు డబ్బు పెట్టలేకపోతే మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ధూర్జటి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఓపెన్ లైసెన్సు కాబట్టి అమ్మే పుస్తకం మీదా వాడుకోవచ్చు.

స్పైన్ లెక్క చాలామంది వేయరు. పుస్తకం డెమ్మీ 1/8 అనుకోండి, అంటే 5.5 × 8.5 అంగుళాలు, మిల్లీమీటర్లలో 139.7 × 215.9. 200 పేజీలంటే 100 కాగితాలు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం సుమారు 0.09 మి.మీ. మందం, కాబట్టి స్పైన్ 9 మి.మీ. మొత్తం అట్ట వెడల్పు 139.7 + 9 + 139.7 = 288.4 మి.మీ. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అంచు) కలిపితే ఫైలు 294.4 × 221.9 మి.మీ. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3477 × 2621 పిక్సెళ్లు. కాగితం మిల్లును బట్టి మందం మారుతుంది, అందుకే 0.09ని నమ్ముకోకుండా ప్రెస్సునడిగి అదే కాగితంతో కట్టిన పుస్తకాన్ని స్కేలుతో కొలవండి. పేజీల సంఖ్య ఖాయం కాకుండా స్పైన్ వేయొద్దు. మన పుస్తకాలకు ఆఖరి నిమిషంలో వచ్చి చేరే ముందుమాటలు తెలుసుగా! 32 పేజీలు పెరిగితే స్పైన్ దాదాపు ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది. బైండింగులో కూడా అట్ట కొంచెం అటూఇటూ అవుతుంది కాబట్టి స్పైన్ అక్షరాలకు రెండు పక్కలా ఒకటిన్నర మి.మీ. ఖాళీ వదలండి. 5 మి.మీ. కంటే సన్నని స్పైన్ మీద పేరు వేయకపోవడమే మేలు. స్పైన్‌కు ఒక రంగు, ముందు అట్టకు ఒక రంగు పెట్టినా ఇదే చిక్కు, జరిగిందంటే గీత గీసినట్టు కనపడుతుంది. రంగు చుట్టూ పారేలా వేస్తే జరిగినా ఎవరికీ తెలియదు.

వెనక అట్ట మీది రచయిత ఫోటోను వాట్సాప్‌లో ఫోటోగా తెప్పించుకోవద్దు, కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి. అంగుళం వెడల్పు బొమ్మకు 300 పిక్సెళ్లు కావాలి.

ప్రశ్న: ఎంత అడగాలో తెలియక "మీకు తోచినంత ఇవ్వండి" అన్నాను. ఎనిమిదిసార్లు మార్పించి, చివరికి "వేరేవాళ్లతో చేయించుకున్నాం" అన్నారు. (తిరుపతి)

"మీకు తోచినంత" అన్న మాట ఇక వాడొద్దు. అవతలివాళ్లకు తోచేది ఎప్పుడూ తక్కువే.

గంటల లెక్క రాసుకోండి. ఉదాహరణకు రాతప్రతి చదవడానికి 3 గంటలు, పెన్సిల్ రఫ్‌లకు 3, అసలు బొమ్మకు 6, అక్షరాలకూ పూర్తి అట్టకూ 3, మార్పులకు 2, ప్రెస్సు ఫైలుకు 1. మొత్తం 18 గంటలు. గంటకు ఎంత అన్నది మీ ఊళ్లో మీ వయసువాళ్లు ట్యూషన్ చెబితే వచ్చేదానికి తగ్గకూడదు. గంటకు 200 అనుకుంటే 3600 అవుతుంది. ఇది మార్కెట్ రేటని చెప్పడం లేదు, లెక్కవేసే పద్ధతి చూపిస్తున్నాం. బొమ్మలు తక్కువ, అక్షరాలు ఎక్కువ ఉన్న అట్టకు గంటలూ తక్కువే, ఆ తేడా ధరలో చూపించండి.

సగం ముందే తీసుకుని పెన్సిల్ పట్టండి. మూడు రఫ్‌లు చూపించి ఒకటి ఎంచుకోమనండి. ఎంచుకున్నాక రెండు విడతల మార్పులు ధరలో కలిసే ఉంటాయని, మూడో విడత నుంచి ప్రతిదానికీ ఇంతని ముందే రాసివ్వండి. "మార్పు" అంటే ఏమిటో కూడా రాయండి. రంగు మార్చడం మార్పు. ఎంచుకున్న రఫ్ వదిలేసి కొత్త బొమ్మ అడగడం కొత్త పని. మధ్యలో చూపించేవన్నీ చిన్న సైజు జేపెగ్‌లే, మీద అడ్డంగా మీ పేరుతో. మిగతా సగం ఖాతాలో పడ్డాకే ప్రెస్సు పీడీఎఫ్ కదలాలి. పని మధ్యలో ఆపేస్తే అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్న వాక్యం మర్చిపోవద్దు, మీ ఎనిమిది విడతల కష్టానికి ఆ వాక్యమే లోటయింది.

తరచూ పని వస్తుంటే చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకోండి. ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు. రిజిస్టరైన సూక్ష్మ సంస్థకు కొనుగోలుదారు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, అదీ 45 రోజులు మించకుండా చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. రచయితలతో ఈ మాట ఎత్తాల్సిన పని రాదు. బిల్లులు నెలల తరబడి నాన్చే సంస్థలకు మాత్రం బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనపడనివ్వండి.

ప్రశ్న: నేను వేసిన ముఖచిత్రాన్నే ఒక ప్రచురణకర్త క్యాలెండరు మీద కూడా వేసుకున్నారు. అడిగితే "డబ్బిచ్చాం కదా" అంటున్నారు. నాకు హక్కుందా? (గుంటూరు)

కాగితం మీద ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏమీ రాసుకోలేదంటే మీ పరిస్థితి బలహీనమే. కాపీరైటు చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఒకరు వేయించుకున్న పెయింటింగు, తీయించుకున్న ఫోటో వంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. గీసినవాడిదే హక్కని అందరూ అనుకుంటారు. అది మీరు సొంతంగా గీసుకున్నవాటి మాట.

అందుకే పని మొదలుకాకముందే ఒక పేజీ రాసుకోవాలి. అందులో ఈ సంగతులు రావాలి: హక్కు బొమ్మ వేసినవారిదే, ఫలానా పుస్తకం ముఖచిత్రంగా అచ్చు, ఈబుక్, ప్రచార పోస్టర్లకు వాడుకునే అనుమతి ఇస్తున్నారు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, రెండో ముద్రణకు విడిగా డబ్బుందా లేదా, వేరే వస్తువు మీద వేస్తే విడిగా ఎంత. హక్కు మొత్తంగా రాసిచ్చేటప్పుడు కూడా అది లిఖితంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ చెబుతుంది. మీకు 18 నిండకపోతే మీ ఒప్పందం చెల్లదు, అమ్మో నాన్నో సంతకం పెట్టాలి.

హక్కులమ్మేసినా పోనిది ఒకటుంది. ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా బొమ్మను చెడగొడితే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీతోనే ఉంటాయి. కాబట్టి లోపలి పేజీలో "ముఖచిత్రం:" అని మీ పేరు వేయమని ధైర్యంగా అడగండి, స్పెల్లింగు మీరే రాసివ్వండి. రెండు కాపీలు కూడా అడగండి. మళ్లీ పని తెచ్చిపెట్టేది ఆ పేరే.

క్యాలెండరు విషయానికి వస్తే, గొడవకంటే వచ్చే పనికి కాగితం పెట్టుకోవడం మీకు లాభం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రాత్రి రెండింటిదాకా బొమ్మలే. మాన్పించాలా? (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

మాన్పించొద్దండి. కానీ హాజరు లెక్క మాత్రం మీరూ చూడండి. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం వంటి కారణం చూపి, రుసుము కట్టి బయటపడొచ్చు. 65 కిందికి పోతే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. ముఖచిత్రం పోగొట్టుకుంటే పోయేది కొన్ని వేలు, సెమిస్టరు పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాదాపు ఏడాది.

రాత్రి రెండింటిదాకా కూర్చోవడానికి మామూలు కారణం పని ఎక్కువవడం కాదు, కుదరని తేదీకి ఒప్పుకోవడం. సెమిస్టరు మొదట్లోనే అకడమిక్ క్యాలెండరు ముందు పెట్టుకుని, మిడ్ పరీక్షలకు వారం ముందు నుంచి అయిపోయేదాకా, సెమిస్టర్ పరీక్షలకైతే మూడు వారాల ముందు నుంచి ఎవరికీ గడువు ఇవ్వనని గీత గీసుకోమనండి. మిగతా రోజుల్లో వారానికి పన్నెండు గంటలు చాలు. పైన చెప్పిన 18 గంటల అట్ట అప్పుడు వారంన్నర పని. ఆమె రచయితకు చెప్పాల్సిన గడువు మూడు వారాలు. మధ్యలో అటువైపు నుంచి జవాబు రావడానికే నాలుగైదు రోజులు పోతాయి.

బాపు గారు చదివింది న్యాయశాస్త్రమని గుర్తుచేస్తే మీకు కొంచెం ఊరట కలుగుతుందేమో. ఆ చదువు ఆయన గీతకు అడ్డం రాలేదు.

ప్రశ్న: ఐప్యాడ్ లేకుండా మొదలుపెట్టొచ్చా? (నెల్లూరు)

పెట్టొచ్చు. ల్యాప్‌టాప్ ఉంటే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ చాలు, గీసే చోటు పది అంగుళాల వెడల్పుండేది చూసుకోండి. మరీ చిన్నదైతే మణికట్టుతోనే గీయాల్సి వచ్చి గీత బిగుసుకుంటుంది. చేయి ఒకచోట, చూపు ఒకచోట అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోగా అమ్మేయకండి. బొమ్మకు క్రిటా, అక్షరాలకు ఇంక్‌స్కేప్, రెండూ ఉచితం. క్రిటాలో సీఎంవైకే ఉంది, ఇంక్‌స్కేప్‌లో తెలుగు వత్తులు సరిగ్గా వస్తాయి. పైన లెక్కవేసిన అట్ట సైజులో ఒక్కో లేయరు 36 ఎంబీ దాకా తింటుంది. ఎనిమిది జీబీ ర్యామ్‌తో లేయర్లు ముప్పై దాటితే ల్యాప్‌టాప్ మొరాయించడం మొదలవుతుంది, అయిపోయినవి కలిపేస్తూ పోండి.

కాగితం మీద ఇంకుతో గీసేవాళ్లు ఫోన్‌తో ఫోటో తీయొద్దు, ఒక మూల నీడ తప్పదు. జిరాక్స్ షాపులో స్కానర్ మీద 600 డీపీఐ అడగండి. వాళ్లు అలవాటుగా 200లో చేసిస్తారు, పెన్‌డ్రైవ్ తీసుకునే ముందు పిక్సెళ్లు చూసుకోండి.

ప్రశ్న: ఏఐతో బొమ్మ చేయించి అమ్మితే తప్పా? (హైదరాబాద్)

చెప్పకుండా అమ్మితే తప్పే. ఆ బొమ్మ మీద కాపీరైటు ఎవరిదన్నది మన దగ్గర ఇంకా తేలలేదు, కాబట్టి "హక్కు నాదే" అని మీరు రాసిచ్చే ఒప్పందం గాల్లో ఉంటుంది. రచయితలు సొంతంగా పుస్తకాలు పెట్టి అమ్ముకునే అమెజాన్ కేడీపీలో పుస్తకం పెట్టేవాళ్లు ఏఐ బొమ్మలుంటే వెల్లడించాలి, మీరు దాస్తే ఇరుక్కునేది రచయిత. రఫ్ ఆలోచనలకు వాడుకుంటే మీ ఇష్టం. అయినా మా అభిప్రాయం అడిగితే, గీత నేర్చుకునే నాలుగేళ్లలో గీయడం తప్పించుకుంటే ఆ తర్వాత అమ్మడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: పన్ను, జీఎస్టీ గొడవలున్నాయా? (విశాఖపట్నం)

ఏడాదికి సేవల రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాన్ కార్డు మాత్రం వెంటనే తీసుకోండి. సంస్థలు చెల్లింపులో 10 శాతం టీడీఎస్ కోసుకోవచ్చు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కోసినది ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పేరున కనిపిస్తుంది. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. వేయకపోతే ఆ డబ్బు రాదు.

ప్రశ్న: బీటెక్ అయ్యాక డిజైన్‌లో పీజీ చేయాలనుంది. ఈ ముఖచిత్రాలు పనికొస్తాయా? (అనంతపురం)

వస్తాయి. ఐఐటీల్లో ఎండెస్‌కు (డిజైన్‌లో పీజీ) సీడ్ పరీక్ష రాయాలి. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకుముందు అక్టోబరులోనే మొదలవుతాయి. చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, వయసు పరిమితి లేదు. ఐఐటీ హైదరాబాద్ కూడా ఈ స్కోరుతోనే తీసుకుంటుంది. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష వేరు.

ఇంటర్వ్యూలో అచ్చయిన అట్ట ఒక్కటే పెడితే బాగుందంటారు, అంతటితో సరి. ఆ అట్టకు మీరు వేసిన మూడు రఫ్‌లు, రచయిత కాదన్న రెండు, ఎందుకు కాదన్నారో ఒక వాక్యం, స్పైన్ లెక్క వేసుకున్న కాగితం పక్కన పెడితే ప్రశ్నలన్నీ వాటి మీదే వస్తాయి. ఇప్పటినుంచే రఫ్‌లు పారేయకుండా వెనక తేదీ, పుస్తకం పేరు రాసి ఫైల్లో పెట్టండి. డిజిటల్ రఫ్‌లైతే ఒక్కో పుస్తకానికి ఒక ఫోల్డరు తెరిచి, ఎంచుకోనివి కూడా అందులోనే ఉంచండి.